కేసరిపప్పు తెచ్చిన కుంటితనం

"మా నాన్నకు ఏదైనా తైలం ఇవ్వండి, నడిస్తే చాలు" అని ఆ యువకుడు వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఛత్తీస్‌గఢ్ నుండి ఇటుక బట్టీల పనికి వచ్చిన కుటుంబం. పెద్దాయన రెండు కర్రల ఊతంతో, మడమలు నేలకు ఆనక, బిగుసుకున్న మోకాళ్లు ఒకదానినొకటి రాచుకుంటూ ఉండగా లోపలికి వచ్చాడు. చేతులు, మాట, తెలివి చక్కగా ఉన్నాయి. యుక్తవయస్సులో ఒక కరువు ఏడాది నెలల తరబడి కేసరిపప్పే ఆహారమని చెప్పగా నాకు విషయం బోధపడింది.

సంస్కృతంలో దీనిని త్రిపుటం అంటారు. ఇది మనిషిని కుంటివానిగా చేస్తుందని 16వ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో హెచ్చరించాడు. అందుకు మూలమైన 'ఓడాప్' అనే అమైనో ఆమ్లాన్ని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మగారలు వేరుచేసి 1964లో వివరించారు.

నాడీకణం తన పొరుగు కణాన్ని మేల్కొల్పడానికి గ్లుటామేట్‌ను విడుదల చేస్తుంది. పని కాగానే చుట్టుపక్కల కణాలు దానిని తొలగిస్తాయి. ఓడాప్ ఆ గ్లుటామేట్ వేషంలో వచ్చి తలుపు తడుతూనే ఉంటుంది. కణానికి విశ్రాంతి ఉండదు. తెరచిన ద్వారాల గుండా కాల్షియం వరదలా ప్రవేశిస్తుంది. కణానికి శక్తినిచ్చే పొయ్యిలైన మైటోకాండ్రియా ఆ వరదకు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. సరిగా మండని పొయ్యి పొగ చిమ్మినట్లే, దారితప్పిన ఎలక్ట్రాన్లు ప్రాణవాయువును అంటుకొని సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ పుడుతుంది. కాల్షియం ప్రేరణతో నైట్రిక్ ఆక్సైడ్ కూడా తయారవుతుంది. ఈ రెండూ కలిస్తే మరింత క్రూరమైన పెరాక్సినైట్రైట్. కణపు పొరలో కొవ్వే అధికం; గాలి తగిలిన నూనె ముక్కిపోయినట్లు అది చెడిపోతుంది. శరీరం బరువులో 2 శాతమే ఉన్న మెదడు ప్రాణవాయువులో సుమారు 20 శాతం వాడుకుంటుంది కాబట్టి ముప్పు కూడా అక్కడే ఎక్కువ.

ఉసిరి, తిప్పతీగ ఫ్రీ రాడికల్స్‌ను అణచివేస్తాయని మనం తరచుగా చదువుతుంటాము. నేను కూడా వ్రాశాను. అయితే మరణించిన నాడీకణాన్ని ఏ రసాయనమూ లేపలేదు. చిట్టెలుకలకు గ్లుటాథయోన్ ముందుగా ఇచ్చినప్పుడు ఓడాప్ నష్టం తగ్గింది. 'ముందుగా' అన్న మాటను పాఠకులు గమనించాలి.

కనుక అబద్ధం చెప్పలేకపోయాను. బిగువు కొంత సడలడానికి నువ్వులనూనె మర్దన, వేడి కాపడం చెప్పి, "ఇప్పుడు ఆ పప్పు తింటున్నారా?" అని అడిగాను. ఊరికి వెళ్లినప్పుడు పిల్లలతో సహా తింటామన్నాడు.

ఎప్పుడో కొద్దిగా తింటే ప్రమాదం అంతగా లేదు. రెండు మూడు నెలలు అదే ప్రధానాహారమైతేనే కాళ్లు పోతాయి. 1961లో కేంద్రం దీని అమ్మకాన్ని నిషేధించినా, కరువును తట్టుకునే పంట కనుక పేదలు వదలలేదు. కందిపప్పులో, శనగపిండిలో కల్తీగానూ వచ్చింది. తప్పనిసరి అయితే పప్పును ఎక్కువ వేడినీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి, మళ్లీ కొత్త నీటిలో ఉడికించి, ఆ నీటినీ వంచివేయాలి. విషం చాలావరకు పోతుంది, పూర్తిగా కాదు. అందుకే వరి, గోధుమలతో కలిపి కొద్దిగానే తినాలి.

ఇదంతా వాకిట నిలబడి వింటున్న కోడలు, "ఉడికిన నీళ్లు చారుకు వాడుకోవచ్చా?" అని అడిగింది. వద్దమ్మా, పారబోయమన్నాను.