మెదడుకు దినబత్తెం

క్రిందటి నెల ఏకాదశినాడు మా యింట జరిగిన సంగతి యిది. మా పెద్దమ్మగారికి డెబ్బది యేండ్లు దాటినవి. మధుమేహము. ఆనాడు ఎప్పటి మోతాదు ప్రకారమే ఇన్సులిన్ సూది వేయించుకొని, ఉపవాసమని పచ్చి మంచినీళ్లతో కూర్చున్నారు. పదకొండు గంటలయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. మమ్ములను చూచి "యెవరు నాయనా నువ్వు?" అని అడిగేసరికి పక్షవాతమేమోనని హడలిపోయినాము. ప్రక్కింటి కన్నడ నర్సమ్మగారు వచ్చి చక్కెర నీళ్లు త్రాగించగా, పావుగంటలో తేరుకొని, ఉపవాసము చెడగొట్టినందుకు మమ్ములందరినీ కేకలు వేశారు.

నాలుగు చెంచాల చక్కెర మనిషికి తెలివి తెచ్చుటెట్లు? ఆ సందేహముతో కొన్ని పుస్తకాలు తిరగవేశాము.

మెదడు మన బరువులో నూటికి 2 పాళ్లే. అయినా ఊరక కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 పాళ్లు దానికే కావాలి. రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు! అది ప్రాణవాయువు సాయముతో కణాలలోని మైటోకాండ్రియాలలో మెల్లగా ఖర్చయి, ఏ.టి.పి. అనే పదార్థము తయారవుతుంది. కణము చేసే పనులకు అదే చేతి రొక్కము. దీనిని 1929లో అమెరికాలో సైరస్ ఫిస్కెతో కలిసి కనుగొన్నది భీమవరమున పుట్టి, చెన్నపట్నములో వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ వేరుగా కనుగొన్నాడు.

నాడీకణము సందేశము పంపినప్పుడెల్లా లోనికి చొరబడిన సోడియమును బయటికి తోడవలెను. రొక్కములో పెద్దభాగము ఆ తోడకానికే సరి. 1955లో సోకొలాఫ్ మొదలైనవారు కొందరిచేత నోటిలెక్కలు చేయించి కొలవగా, మెదడు మొత్తముమీద వాడే ప్రాణవాయువు పెరగనేలేదట. రోజంతా పద్దులు కూడి అలసిపోయామనుకునే మావంటి గుమాస్తాలకు యిది కొంచెము చిన్నతనమే!

చిక్కంతా నిలవలో ఉన్నది. కాలేయానికి గ్లైకోజెన్ గాదె ఉన్నది. మెదడులో ఆ నిలవ బహుస్వల్పము. నెత్తురు ఎప్పటికప్పుడు తెచ్చి యిచ్చినదే దానికి బత్తెము.

మరి ఉపవాసమున్న వారందరూ మతి తప్పరేమి? ఒకపూట మానితే కాలేయము తన గాదెలోని గ్లూకోజును నెత్తుటిలోనికి వదలుతుంది. రోజులు గడిచేకొద్దీ కొవ్వునుండి కీటోనులు చేసి పంపుతుంది. వారాల తరబడి ఉపవాసమున్న స్థూలకాయుల మెదడు ఎక్కువగా వీటిపైనే నడిచినదని 1967లో ఓవెన్, కేహిల్ మొదలైన అమెరికా వైద్యులు చూపినారు. ఇన్సులిన్ ఈ రెండు దారులనూ బిగిస్తుంది. ఆరోగ్యవంతుల ఒంట్లో ఆకలివేళ అది తనంతట తగ్గుతుంది. సూదితో ఎక్కించినది తగ్గదు. పెద్దమ్మగారి కష్టమంతా అక్కడ వచ్చినదే.

సూదిగాని, చక్కెరను బాగా దించే మాత్రలుగాని వాడేవారు ఉపవాసానికి ముందే వైద్యునితో మాట్లాడి మోతాదు సంగతి తేల్చుకోవలెను. పరీక్షలో 70 మిల్లీగ్రాములకు దిగినా, వణుకు, చెమట, తికమక కనబడినా వెంటనే చక్కెర నీళ్లు త్రాగించవలెను. స్పృహ తప్పినవారి నోట మాత్రము చుక్కయినా పోయరాదు, ఆస్పత్రికే తీసుకుపోవలెను.

ఈ నెల ఏకాదశికి పెద్దమ్మగారు వైద్యుడు చెప్పినట్లు సూది తగ్గించుకొని, పాలూ, అరటిపండూ పుచ్చుకొన్నారు. ద్వాదశి పారణకు మాత్రము అందరికంటె ముందు తన విస్తరే వేయవలెనట.