ఆంగ్ల వర్తమానము - తెలుగు తద్ధర్మము

ఆంగ్లభాష నేర్చుకొను తెలుగు బాలబాలికలకు తొలుత బోధింపబడు క్రియారూపము సామాన్య వర్తమానము. అది పాఠ్యపుస్తకమున మొదటి పుటలలోనే ముగియును. అందలి దోషములు మాత్రము కడపటి తరగతి వరకును, ఆపైని ఉద్యోగపు దరఖాస్తు వరకును వెంట వచ్చును. ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు ప్రాంతమునందలి గంపలగూడెము పరిసరములలో చదువుకొను పిల్లల మాటలను గమనించినచో మూడు విధములగు వాక్యములు మాటిమాటికిని వినవచ్చును. 'మై ఫాదర్ గో టు ఫీల్డ్' అనునది యొకటి. 'ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్ డైలీ' అనునది రెండవది. 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్' అనునది మూడవది. ఇవి యజాగ్రత్త వలన గలిగినవని కొట్టివేయుట సులభము. కాని యజాగ్రత్త వలని తప్పులు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున నుండవలెను. ఇవి యూరందరికిని ఒకే తీరున నున్నవి. అందరును ఒకేచోట తడబడుచున్నారన్నచో నచట గుంట యున్నదని యర్థము. ఆ గుంట యెచ్చటిదో చూపుటయే యిచట మా యుద్దేశము.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మార్థకమను నాలుగవ దానిని గూడ గుర్తించెను. తద్ధర్మమను మాట క్రొత్తది కాదు. పాణిని అష్టాధ్యాయిలో తచ్ఛీల, తద్ధర్మ, తత్సాధుకారులను మూడర్థములు ఒక్కచోట చెప్పబడినవి. 'వండును' అన్నప్పుడు ఇప్పుడు పొయ్యి వెలుగుచున్నదని గాని, రేపు వెలుగునని గాని వక్త చెప్పుట లేదు. వండుట యతని ధర్మమని చెప్పుచున్నాడు. 1840లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించిన బ్రౌను ఈ రూపమునకు 'అయోరిస్టు' అను పేరు వాడెను. గ్రీకున ఆ మాటకు హద్దు లేనిదని యర్థము.

ఆంగ్లమున 'హీ కుక్స్' అనునది సరిగా నిదియే. అందు వర్తమానత పేరునకే కాని పనిలో లేదు. అయినను మన తరగతులలో దానిని 'వర్తమాన కాలము' అని తెలిగించి చెప్పుదురు. వర్తమానమనగానే బాలుని మనసు 'వండుచున్నాడు' అను రూపముపై వ్రాలును; దానికి సరియగు ఆంగ్లము 'ఈజ్ కుకింగ్'. పేరు చూపు దారి యొకటి, రూపము పోవు దారి వేరొకటి. ఈ తొలి తికమకకు బాలుడు బాధ్యుడు కాడు.

ఇక వ్యవహారభాషకు వత్తము. 'రైతు రోజూ చేనికి పోతాడు', 'రైతు రేపు చేనికి పోతాడు' - రెంటను క్రియ యొక్కటే. వెనుకటి తద్ధర్మము, భవిష్యత్తు నేటి పలుకుబడిలో ఒకే రూపమున నొదిగినవి. కృష్ణమూర్తి, గ్విన్ పండితులు 1985లో ప్రకటించిన ఆధునికాంధ్ర వ్యాకరణమున ఈ రూపమునకు భవిష్యత్తును, అలవాటును కలిపియే పేరు పెట్టిరి. ఇట్టి భాష మాటలాడు పిల్లవాడు 'లేస్తాను' అనుదానికి 'విల్ గెట్ అప్' అనినచో వాడు తన భాషకు ద్రోహము చేయలేదు. రెండర్థములలో నొకదానిని ఎన్నుకొనెను, అది యచట పొసగనిదయ్యెను. 'రోజూ', 'రేపు' అను రెండు మాటలను క్రియకు ముందు చేర్చి చూచుకొమ్మని చెప్పిన చాలును. 'రోజూ' పొసగినచో 'విల్' అక్కరలేదు. ఈ చిన్న పరీక్ష పది నిర్వచనములకంటె మేలని మా యభిప్రాయము.

మూడవ దోషము మరింత సూక్ష్మము. 'మా అన్న విజయవాడలో పనిచేస్తున్నాడు' అని మనము ఏండ్ల తరబడి జరుగు పనిని గూర్చియు అందుము. ఆంగ్లమున స్థిరమైన యుద్యోగమునకు 'వర్క్స్' అనవలెను. అది స్పష్టము. కాని 'నాకు ఇద్దరు అక్కలున్నారు' అనుటలో జరుగుచున్న పని యేదియు లేదే, 'యామ్ హావింగ్' ఎట్లు వచ్చెను? మా యూహ యిది: 'చేస్తున్నారు' అను మాటలో 'చేస్తు', 'ఉన్నారు' అనునవి కలిసియున్నవి. 'ఉన్న' అను ధ్వని వినబడిన చోటనెల్ల బాలుడు 'ఇంగ్' ను తగిలించుచున్నాడు. 'నాకు తెలుసు' అనుటలో 'ఉన్న' లేదు గదా, 'ఐ యామ్ నోయింగ్' మాట యేమని అడుగవచ్చును. అది మాతృభాష వలన వచ్చినది కాదు. ఒకచోట పట్టుబడిన యలవాటును అన్నిచోట్లకు పొడిగించుట.

మొదటి దోషమగు 'ఫాదర్ గో' విషయమున మాత్రము విదేశముల వంక చూడవలసియున్నది. స్పానిషు మాటలాడువారికిని ఇదే చిక్కు. ఆ భాషలో 'మాటలాడు' అను క్రియ వర్తమానమున ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్ అని పురుష వచనములను బట్టి ఆరు తీరుల మారును. తెలుగునందు వలెనే అచటను ప్రత్యయము కర్తను తెలుపును గనుక 'నేను', 'నీవు' అనకున్నను లోపము లేదు. మామిడిపండు 'నాకు ఇష్టము' అనుటలో గూడ వారు 'మే గుస్తా' అని మనవలె చతుర్థినే వాడుదురు. కాని యొక్క భేదము కలదు: వారి 'ఆబ్లా' మాటలాడుననుటకును, మాటలాడుచున్నాడనుటకును చెల్లును. కావున వారు 'ఇంగ్' కావలసిన చోట వదలుదురు. మనము అక్కరలేని చోట చేర్చుదుము. దోషములు ఎదురెదురు దిక్కులకు పోయినను 'ఎస్' ను వదలుటలో ఉభయులును ఏకమగుట గమనింపదగినది.

ఇది మాతృభాషా ప్రభావమే యైనచో నిన్ని భాషలవారికి సమానముగ నుండరాదు. రాబర్టు లాడో 1957లో రెండు భాషలను పోల్చి చిక్కులను ముందే చెప్పవచ్చునని వాదించెను. రోజరు బ్రౌను 1973లో ప్రకటించిన గ్రంథమున ఆంగ్లమే మాతృభాషగా గల శిశువులకు గూడ నీ 'ఎస్' ఆలస్యముగనే యలవడునని చూపెను. 1974లో డ్యూలే, బర్టు అనువారు స్పానిషు, చీనా భాషల పిల్లలలో ఆంగ్ల ప్రత్యయములు ఇంచుమించు ఒకే క్రమమున అలవడుననిరి. కారణము ఊహింపవచ్చును. ఆంగ్లమున కర్తను తప్పక పలుకవలెను. పలికిన పిదప 'ఎస్' తెలుపవలసిన దేదియు మిగులదు. పైగా అదే 'ఎస్' నామమునకు చేరిన బహువచనము, క్రియకు చేరిన ఏకవచనము!

తెలుగువానికి మరియొక మెలిక కలదు. 'మాస్టారు వస్తారు', 'నాన్నగారు పోతారు' అని గౌరవమునకు బహువచనము పలుకు నోటికి, ఏకవచన ప్రత్యయము చేర్చుట కొంత అమర్యాదగ తోచినను తోచవచ్చును. ఆంగ్లక్రియకు మర్యాద లేదని ఒకమారు నవ్వుచు చెప్పిన పిల్లలు మరువరు.

వ్యతిరేకమున 'పోడు' అను నొక్క మాటలో క్రియయు, నిషేధమును, కర్తయు నిమిడియుండగా ఆంగ్లమున 'డజ్ నాట్ గో' అని మూడు మాటలు. 'డజ్ నాట్ గోస్' అనుట తరచు. 'ఎస్' ఒక్కటే, అది 'డూ' పైకి ఎక్కినది గనుక 'గో' మీద లేదని చూపవలెను. ప్రశ్నకును ఇదే మార్గము.

ఇంత విచారణ యేల యన, ఇది యొక్క ఆంగ్లపు పరీక్షకు సంబంధించినది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పాఠశాలలను ఆంగ్లమాధ్యమమునకు మార్చ నుత్తర్వు చేసెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ వివాదమున మే మిచట దిగము. కాని 2020 నుండి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగ ద్విభాషా పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. శాస్త్రగ్రంథము ఆద్యంతము తద్ధర్మముననే నడచును. సాధారణ పీడనమున నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును, 'వాటర్ బాయిల్స్'. దీనిని 'విల్ బాయిల్' అని గాని, 'ఈజ్ బాయిలింగ్' అని గాని గ్రహించిన బాలునికి నియమము సంఘటనగ మారును. ప్రకృతి ధర్మమును చెప్పు వాక్యమునకును, ఈ గిన్నెలోని నీటిని గూర్చిన వాక్యమునకును భేదము చెరిగిపోవును. నష్టము భాషది కాదు, భావనది.

కావున ఎదురెదురు పుటలనే వ్యాకరణ పాఠముగ వాడుకొనవచ్చును. తెలుగు పుటలోని 'తుంది', 'తాయి' అను క్రియల క్రింద గీత గీయించి, ఎదుటి పుటలో వాని జతలను వెదకింపవలెను. పిదప పిల్లల యెరుకలోని సంగతులనే చెప్పింపవలెను: మామిడి చలికాలమున పూచును, పత్తి నల్లరేగడిని కోరును, వానలకు కట్టలేరు పొంగును. అర్థమునకు సంబంధించిన 'విల్', 'ఇంగ్' దోషములను వెంటనే వివరించి దిద్దవలెను, వివరణకు లొంగును గనుక. 'ఎస్' ను వదలినందుకు మాత్రము పిల్లవాని వాక్యమును నడుమ త్రుంచరాదు. అది వినగా వినగా, వ్రాయగా వ్రాయగా వచ్చును.

ఒక్క వింత మిగిలినది. 'ది బస్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అని నిర్ణీత వేళలను గూర్చి ఆంగ్లముకూడ భవిష్యత్తునకు సామాన్య వర్తమానమునే వాడును. 'తిరువూరు బస్సు రేపు ఆరింటికి బయలుదేరుతుంది' అనుటయు నట్లే. ఇచట 'రోజూ', 'రేపు' పరీక్ష పనిచేయదు. కనుక ఈ ప్రయోగమును తక్కినవన్నియు కుదుటబడిన పిమ్మటనే చెప్పవలెను.