ఆటోబాన్‌పై లేన్ మార్పు: కారు లెక్క 130 దాకానే

జర్మనీకి వచ్చి కొత్త కారు కొన్న మనవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది: ఇండికేటర్ వేస్తే కారే స్టీరింగ్ తిప్పుకుని పక్క లేన్‌లోకి వెళ్తుంది కదా, అద్దం కూడా చూడాలా? చూడాలి. ఎంత దూరం చూడాలో లెక్క కట్టి చెప్పుకోవచ్చు.

యూరప్‌లో చాలా కార్లలో ఈ సదుపాయం ఐక్యరాజ్యసమితి నిబంధన 79 ప్రకారం పనిచేస్తుంది. వెనక చూసే సెన్సర్, అంటే వస్తున్న వాహనాన్ని పసిగట్టే పరికరం, కనీసం 55 మీటర్ల దూరం చూడాలి. అది మూడు క్రికెట్ పిచ్‌ల కంటే కాస్త తక్కువే. కొన్ని కార్లు ఇంకా దూరం చూస్తాయి, కానీ మీ కారు సంగతి తెలియనప్పుడు 55 అనుకోవడమే క్షేమం.

మరి 55 మీటర్లు చాలవా? నిబంధన పెట్టిన పరీక్ష ఇది: వెనకవాళ్లు 0.4 సెకన్లలో బ్రేకు మొదలుపెట్టి, ప్రతి సెకనుకూ గంటకు దాదాపు 11 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గించుకున్నా, మీ కారుకూ వాళ్ల కారుకూ మధ్య ఒక సెకను ఎడం మిగలాలి. మీరు గంటకు 110 కిలోమీటర్ల వేగంలో, వాళ్లు 130లో ఉంటే ఇందుకు 38 మీటర్లు చాలు. సెన్సర్ చూపులోనే ఉంది, ఇబ్బంది లేదు.

అదే వాళ్లు 180లో వస్తుంటే 101 మీటర్లు కావాలి. నిబంధన తన లెక్కలో వెనక వాహనం వేగాన్ని 130కి మించి తీసుకోదు. జర్మనీ ఎక్స్‌ప్రెస్‌వే అయిన ఆటోబాన్‌పై 130 అనేది 1978 నుంచి ఉన్న సిఫార్సు మాత్రమే. పరిమితి బోర్డు లేని చోట 180లో వెళ్లడం నేరం కాదు, అలా వెళ్లేవాళ్లు అరుదూ కాదు. ఈ తేడా కారు కొనేటప్పుడే చెప్పాల్సినంత ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ఇంకొకటి కలపాలి. ఇండికేటర్ వేశాక కనీసం మూడు సెకన్లు ఆగిగానీ కారు గీత దాటదు. ఆ మూడు సెకన్లలో 180లో వచ్చే కారు మీకు మరో 58 మీటర్లు దగ్గరవుతుంది. అంటే ఇండికేటర్ వేసే క్షణానికే వెనక సుమారు 160 మీటర్లు ఖాళీగా ఉండాలి.

కదిలే కారులోంచి 160 మీటర్లు కొలిచేదెలా? రోడ్డు పక్కన నలుపు పట్టీతో తెల్లటి చిన్న స్తంభాలుంటాయి. వాటి మధ్య దూరం 50 మీటర్లు. అద్దంలో నాలుగో స్తంభం దాటి కూడా పక్క లేన్ ఖాళీగా కనిపిస్తేనే ఇండికేటర్ వేయండి. వంపు ఉన్న పక్క అద్దంలో బండి ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది కాబట్టి ముందు లోపలి అద్దం, తర్వాత పక్క అద్దం, చివరగా భుజం మీదుగా ఒక చూపు. ఇక్కడి లైసెన్సు పరీక్షలో ఆ చూపు మరిచినవాళ్లకు దాని విలువ బాగా తెలుసు.

2023లో వచ్చిన బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో, కారు లేన్ మార్పును సూచించినప్పుడు పక్క అద్దం వైపు చూస్తే చాలు, అదే అనుమతిగా తీసుకుని కారు లేన్ మారుతుంది. ఆ చూపు కారుకు సరిపోతుంది. కానీ 160 మీటర్ల దూరంలో ఎవరైనా వేగంగా దగ్గరవుతున్నారా అన్నది తేలాలంటే రెండుసార్లు చూడాలి: రెండోసారికి హెడ్‌లైట్లు పెద్దవైతే లేన్ మారకండి. అప్పటికే ఇండికేటర్ వేసి ఉంటే, గీత తాకకముందే దాన్ని ఆపేసి స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. కారు మీ లేన్‌లోనే ఉండిపోతుంది.