నరకనివారికి హక్కు లేదట!

బోర్నియో వర్షారణ్యం కోసం నాలుగు దశాబ్దాలుగా పోరాడుతున్న పెనాన్ ఆదివాసుల కథ

బోర్నియో దీవిపై ఉన్న మలేషియా రాష్ట్రం సారవాక్‌లో ఆదివాసులు ఈ నేల మాదని చెప్పుకోవాలంటే, 1958 జనవరి 1కి ముందే అక్కడ అడవి కొట్టి సాగు చేసినట్టు చూపించడమే ప్రధాన ఆధారం. బరామ్, లింబాంగ్ నదుల ఎగువన తరతరాలుగా సంచరించిన పెనాన్‌లు ఆ పని చేయలేదు. ఊదుగొట్టంతో విషపు పుల్లలు వదిలి అడవిపందిని వేటాడేవారు. తాటిజాతికి చెందిన సాగో చెట్టు బోదె నుంచి పిండి తీసుకునేవారు. ముదిరిన బోదెనే కొట్టి, పిలకలను రేపటికి వదిలేయడం వాళ్ల కట్టుబాటు. అంత జాగ్రత్తగా కాపాడుకున్నారు కాబట్టే చట్టం దృష్టిలో ఆ అడవి వాళ్లది కాకుండా పోయింది.

దారికి అడ్డంగా నిలబడి...

ప్రభుత్వ లైసెన్సులతో 1980ల్లో కలప కంపెనీల బుల్డోజర్లు వచ్చాయి. వాగులు బురదమయమయ్యాయి. చేపలు, వేట జంతువులు తగ్గిపోయాయి. 1987లో పెనాన్‌లు ఆడా మగా, పిల్లాపాపలతో కలప రోడ్లకు అడ్డంగా కర్రలు కట్టి నిలబడ్డారు. అదే ఏడాది ప్రభుత్వం చట్టం సవరించి, కలప రోడ్డును అడ్డగించడాన్ని నేరం చేసింది. వాళ్లకు అండగా నిలిచిన కయాన్ తెగ యువకుడు హారిసన్ ఙావును విచారణ లేకుండా నిర్బంధించింది. 1990లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది. అదే ఏడాది బరామ్ ప్రజలు ఆయన్ను పార్లమెంటుకు పంపారు.

స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రూనో మాన్సర్ 1984 నుంచి ఆరేళ్లు పెనాన్‌లతో కలిసి బతికాడు. వాళ్ల గోడును ప్రపంచానికి వినిపించాడు. 2000 మేలో మళ్లీ ఆ అడవికి వెళ్లినవాడు కనిపించకుండా పోయాడు. భూమి కోసం 1998లో కోర్టుకెక్కిన పెనాన్ పెద్ద కెలెసావ్ నాన్ 2007లో అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఎముకలే దొరికాయి. అది హత్యేనని కుటుంబం అంటోంది.

నిలిచి గెలిచినవి

ఇన్ని దెబ్బలు తిన్నా పోరాటం ఆగలేదు. బరామ్ నదిపై తలపెట్టిన భారీ ఆనకట్ట ఊళ్లను ముంచేసేది. 2013 నుంచి జనం పగలూ రాత్రీ దారి కాచారు. 2016లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదులుకుంది. కలప కంపెనీ శామ్లింగ్ తనను ప్రశ్నించిన ‘సేవ్ రివర్స్’ సంస్థపై 2021లో పరువునష్టం దావా వేసి, 2023లో తానే వెనక్కి తీసుకుంది. పెనాన్‌లు ఊరూరా తిరిగి తమ వాగులు, కొండలు, సమాధులను నమోదు చేయించి, 2017లో సొంత పటాలను విడుదల చేశారు. నేల తమదనడానికి గొడ్డలి గాటే కావాలా, ప్రతి వాగునూ పేరు పెట్టి పిలిచే జ్ఞాపకం చాలదా అన్నదే ఆ పటాలు వేసే ప్రశ్న. చాలుతుందనే న్యాయం చెబుతుంది. చట్టమే మారాలి.

ఈ కథతో మనకూ లంకె ఉంది. సారవాక్ దుంగలను ఏళ్ల తరబడి భారీగా కొన్న దేశాల్లో భారత్ ఒకటి. కొత్త ఇంటి గుమ్మాలకు చెక్క బేరమాడేటప్పుడు ధరతోపాటు అది ఏ అడవిదో, అక్కడివారు ఒప్పుకున్నాకే కొట్టారో లేదో కూడా అడగండి. జవాబు చెప్పలేని చెక్కను కొనకండి.