పెళ్లి తర్వాతే అసలు కథ

మధ్యయుగపు ఐరోపా ప్రేమ అనగానే పరాయి రాణికి మనసిచ్చి కుమిలిపోయే వీరుడే కళ్లముందు మెదులుతాడు. ఆ బొమ్మ స్థిరపడింది 1883లో, ఫ్రెంచి పండితుడు గాస్టన్ పారిస్ లాన్‌సెలాట్ కథ మీద రాసిన వ్యాసంతో. జర్మన్ కావ్యాలు మాత్రం అందులో ఇమడవు. 1194 తర్వాత ఉల్రిష్ ఫాన్ త్సాత్సిక్‌హోఫెన్ రాసిన ‘లాంట్సెలెట్’లో వీరుడు అసలు రాణికి ప్రియుడు కాడు, ఇబ్లిస్‌ను పెళ్లి చేసుకుని స్థిరపడతాడు. ప్రేమ దక్కించుకోవడం కన్నా, దక్కిన ప్రేమతో నలుగురి మధ్య బతకడమే ఆ కవులకు పెద్ద చిక్కుగా తోచింది.

హార్ట్‌మన్ ఫాన్ ఆవె ‘ఎరెక్’ చూడండి. కొత్త పెళ్లికొడుకు పడకగది వదలడు, కొలువంతా గుసగుసలు. భర్త నిద్రలో ఉన్నాడనుకుని ఎనీటె తనలో తాను వాపోతుంది. విన్న ఎరెక్ ఆమెను వెంటబెట్టుకుని అడవిబాట పడతాడు, నోరు విప్పితే ప్రాణం తీస్తానంటాడు. దొంగలు కనిపించగానే ఆమె హెచ్చరిస్తుంది. శిక్షగా, వాళ్ల నుంచి పట్టుకున్న గుర్రాలను, చివరికి ఎనిమిదింటిని, ఆమె చేతే తోలిస్తాడు. చివరికి క్షమించమని అడిగేది అతడే. హార్ట్‌మనే రాసిన ‘ఇవైన్’లో గావైన్ ఈ ఎరెక్‌నే ఉదాహరణగా చూపి, ఇల్లు పట్టుకుని కూర్చోవద్దని మిత్రుడు ఇవైన్‌కు బోధిస్తాడు. ఆ మాట విన్న ఇవైన్, భార్య లౌడీనె ఇచ్చిన ఏడాది గడువు మరిచి, ఆమె తెగతెంపులు చేసుకుంటే పిచ్చివాడై అడవి పాలవుతాడు. ఒకడిది అతి, మరొకడిది లోటు.

మరి ట్రిస్టన్ మాటేమిటి? 1210 ప్రాంతంలో గాట్‌ఫ్రీడ్ రాసిన ఆ కావ్యం మేనమామ భార్యతో ప్రేమ కథే, కాదనను. కానీ అందులో ప్రేమికులిద్దరూ తలదాచుకునే గుహ ఘట్టం నిదానంగా చదవాలి. నునుపైన తెల్లటి గోడలు, పచ్చని చలువరాతి నేల, నడుమ స్ఫటికపు శయ్య. తిండి లేకున్నా ఒకరి చూపుతో మరొకరికి కడుపు నిండుతుంది. అంత సుఖంలోనూ వాళ్లకు లేనిది ఒక్కటే, లోకంలో గౌరవం. ఆ మేనమామ, మార్క్ రాజు, కబురంపగానే సంతోషంగా కొలువుకు తిరిగొచ్చేస్తారు. లోకాన్ని వదిలేసిన ప్రేమను ఇంత అందంగా కట్టిన కవే, ఆ జంటను లోకంలోకి నడిపించాడు.

ఇదంతా మగవాళ్ల పరువు గోల, ఆడవాళ్ల ప్రేమకు విలువెక్కడ అంటారా? అభ్యంతరం న్యాయమైనదే. తన మొదటి భర్తను చంపిన ఇవైన్‌నే లౌడీనె పెళ్లాడేది తన నీటిబుగ్గకు కాపలాదారు కావాలి గనక. చివర్లో వాళ్లను కలిపేదీ చెలికత్తె లూనెటె ఆమె చేత తెలివిగా చేయించిన ప్రమాణమే. ఆ ముగింపు కొందరికి మింగుడుపడినట్టు లేదు: కొన్ని రాతప్రతుల్లో లౌడీనె కూడా ఇవైన్ కాళ్లమీద పడి క్షమాపణ అడుగుతుంది. ఆ పంక్తులు హార్ట్‌మన్‌వేనా కాదా అని పండితులు ఇంకా తగువులాడుతున్నారు. ఎవరివైనా, మాటకు కట్టుబడి కలిసిన జంటలో మనసు కూడా కనిపించాలని ఎవరో పట్టుబట్టారు. ఆ పట్టుదలకు మూల్యం చెల్లించింది మాత్రం, తప్పేమీ చేయని లౌడీనె.