ఫినీషియా వర్తకులు

మన పిల్లలు పలకపై దిద్దు ఇంగ్లీషు "ఏ", "బీ" అక్షరములకు పూర్వము అర్థములుండెను. "ఆలెఫ్" అనగా ఎద్దు, "బేత్" అనగా ఇల్లు. ఈ పేర్లు ఫినీషియనులవి. నేటి లెబనాను తీరమున తూరు, సీదోను, బిబ్లోసు అను రేవులలో వసించిన ఓడవర్తకులు వీరు. వెనుక కొండలు, ముందు సముద్రము, సాగునేల కొంచెము. కనుక కొండలమీది దేవదారు కలపతో ఓడలు గట్టి కడలినే పొలముగా జేసికొనిరి.

వారి సరకులలో మిక్కిలి ప్రసిద్ధిగన్నది ఊదాఛాయ గల ఎఱ్ఱబట్ట. సముద్రపునత్తలనుండి ఆ రంగు దీసెడివారు. 1909లో ఫ్రీడ్లెండరను రసాయనశాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను సేకరింపగా వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే! అద్దకపుశాలల వలన తూరు నివాసమున కింపుగాకున్నను ఐశ్వర్యవంతమయ్యెనని స్ట్రాబో వ్రాసెను. ఆ కంపులో దినమెల్ల పనిచేసినవారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

సైప్రసునను, స్పెయినునను వలసలు వెలసినవి. వానిలో మేటి, ఆఫ్రికా యుత్తరతీరమునందలి కార్తేజి. "క్రొత్తపట్టణము" అని దాని యర్థము; మన కొత్తపట్నము వంటి పేరే. తూరు రాకుమారి ఎలిస్సా, తన భర్తను జంపించిన సోదరునికి వెఱచి పాఱివచ్చి, క్రీ. పూ. 814లో దానిని స్థాపించెనని ఐతిహ్యము. ఒక యెద్దుచర్మము పట్టు నేల చాలునని యడిగి, చర్మమును సన్నని వారులుగా గోయించి గుట్టనెల్ల చుట్టించెనట! వామనుని కథ నెఱిగిన మన కీ యుపాయము క్రొత్తది గాదు. కాని యిచట అడిగినది దిక్కులేని వితంతువు.

అయినను వారిచ్చినవానిలో మేము మిన్నగా నెంచునది 22 అక్షరముల లిపి. ఈజిప్టులో వందలకొలది గుర్తులు నేర్చిన లేఖకులకే చదువు. ఈ యిరువదిరెండింటిని సామాన్యులును నేర్వవచ్చును. అందు హల్లులేకాని అచ్చులు లేవు. గ్రీకులు తమ కక్కఱలేని కొన్ని హల్లులను అచ్చులుగా మార్చుకొనిరి. మన తెలుగులిపికి మూలమైన బ్రాహ్మియు, ఫినీషియనులిపికి బిడ్డయగు అరమాయికునుండి పుట్టెనని పలువురు పండితులును, కాదని కొందఱును అందురు.

క్రీ. పూ. 146లో రోమనులు కార్తేజిని నాశనము జేసిరి. అచటి గ్రంథములను ఆఫ్రికా రాజులకు పంచి, మాగో వ్రాసిన 28 భాగముల వ్యవసాయగ్రంథమును మాత్రము లాటినులోనికి మార్పించిరి. అదియు నేడు తునుకలుగానే మిగిలినది. వ్రాత నేర్పినవారి కథను వారి శత్రువుల వ్రాతలవలన తెలిసికొనవలసివచ్చెను! కార్తేజివారు శిశువులను బలియిచ్చిరని ఆ వ్రాతలు చెప్పును. పసికందుల యస్థులు గల కుండలు త్రవ్వకములలో దొరకినవి. అవి బలులో, రోగములచే పోయిన బిడ్డల సమాధులో యని పండితు లింకను వాదించుచున్నారు. శత్రువుల మాట నమ్మి ఆ తల్లులపై తీర్పు చెప్పుటకు మాకు మాత్రము మనసొప్పకున్నది.