చీటీ ఒకరిది, మూట ఇంకొకరిది

క్లాసులో హాజరు పిలిచేటప్పుడు, రాని స్నేహితుడి బదులు "ప్రెజెంట్ సార్!" అనేవాణ్ణి ప్రాక్సీ అంటారు. మేష్టారికి దొరికితే వాడికి దెబ్బలే! కాని కంప్యూటర్లలో కూడా ప్రాక్సీ ఉన్నది. అది మన బదులు పనిచేస్తే ఎవరూ కోప్పడరు. అది చేసే పని ఏమిటో తెలియాలంటే ముందు ఒక చిన్న కథ వినండి.

ఒక ఊరికీ, కిరాణాకొట్టుకూ మధ్య పెద్ద కాలవ ఉన్నది. వంతెన లేదు. సరుకు కావలసినవాళ్ళు తాడు అవతలికి విసిరితే కొట్టువాడు దాన్ని గిలకకు తగిలించేవాడు. అప్పుడు బుట్టలో చీటీ పంపి, మూట తెచ్చుకుని, తాడు విప్పేసేవారు. గంట తరవాత ఉప్పు కావలసివస్తే మళ్ళీ తాడు విసరవలసిందే!

ఇది చూసి రామయ్య తాత రెండు తాళ్ళు కట్టి, వాటిని విప్పకుండా ఉంచాడు. అందరూ చీటీలు తాతకే ఇచ్చేవారు. చీటీలు ఏ వరసలో వెళితే మూటలు ఆ వరసలోనే వచ్చేవి. తాత ఎవరి మూట వారికి ఇచ్చేవాడు.

ఈ తాతే ప్రాక్సీ! ఇంటర్నెట్టులో ఒక పేజీ అడిగేముందు మన కంప్యూటరు దూరాన ఉన్న సర్వరును పలకరించాలి. "ఉన్నారా?" అని ఇటునుంచి, "ఉన్నాను, వినిపిస్తున్నదా?" అని అటునుంచి, "వినిపిస్తున్నది" అని మళ్ళీ ఇటునుంచి. ఆ తరవాతే అసలు ప్రశ్న.

గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. సర్వరు 10,000 కిలోమీటర్ల దూరాన ఉంటే, వెళ్ళి రావటానికి సెకనులో పదోవంతు పడుతుంది. ప్రతి బొమ్మకూ పలకరింపు ఒక రాకపోక, జవాబు ఒక రాకపోక. 30 బొమ్మలను ఒకదాని తరవాత ఒకటి తెస్తే 6 సెకన్లు! ఒకే పలకరింపుతో సరిపెడితే 3 సెకన్లకు కొంచెం ఎక్కువ. అందుకే 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నియమాలు, ఒకసారి కలిపిన దారిని వెంటనే తెంచకుండా ఉంచే పద్ధతి పెట్టాయి. మనకు దగ్గరలో ఉండే ప్రాక్సీ అటువంటి దారులు కొన్నిటిని సిద్ధంగా ఉంచుకుని, ఎంతోమంది ప్రశ్నలను వాటి మీదనే పంపుతుంది.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. ఒకనాడు సీతమ్మ పసుపుకు చీటీ పంపింది. బుట్ట వెళ్ళాక, "ఇంట్లోనే దొరికింది, వద్దు," అన్నది. తాత ఆమె పేరు కొట్టేశాడు. తరవాత వెంకన్న ఉప్పుకు చీటీ పంపాడు. మొదటి మూట రాగానే తాత అది వెంకన్నకిచ్చాడు. విప్పి చూస్తే పసుపు! ఆ వెనక వచ్చిన ఉప్పు, బెల్లం అడిగినవాడికి పోయింది. అక్కణ్ణించి అందరి మూటలూ మారిపోయాయి.

ఇటువంటిది నిజంగానే జరిగింది. 2023 మార్చి 20న చాట్‌జీపీటీ వాడుతున్న కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించాయి. దాన్ని నడిపే ఓపెన్ఏఐ సంస్థ సేవను ఆపి, కారణం వెతికింది. అక్కడ తప్పుచేసింది ప్రాక్సీ కాదు. కాని చిక్కు మాత్రం అదే. సమాచారం నిలవచేసే చోటికి వెళ్ళే దారులు ఉమ్మడివి. ఒక ప్రశ్న మధ్యలో రద్దయితే, దాని జవాబు దారిలో మిగిలి, వేరొకరికి చేరింది.

పసుపు మారితే కూర చెడుతుంది, అంతే. కాని ఒకరి ఉత్తరమో, బ్యాంకు లెక్కో ఇంకొకరి చేతిలో పడితే?

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది: వరస తప్పిందని అనుమానం కలిగితే ఆ తాడు తెంచి, కొత్తది కట్టటం. కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. రెండవది: చీటీకి అంకె వెయ్యటం. 2015లో వెలువడిన హెచ్‌టీటీపీ 2 లో అడిగేవారి ప్రశ్నలకు 1, 3, 5, 7 అని బేసి అంకెలు ఉంటాయి. జవాబు మీద కూడా అదే అంకె ఉంటుంది. అంచేత జవాబులు ముందువెనకలుగా వచ్చినా చిక్కులేదు.

రామయ్య తాత కూడా మర్నాటినించి ప్రతి చీటీ మీదా అంకె వేసి, కొట్టువాడిచేత అదే అంకె మూట మీద వేయించాడు. సీతమ్మ వద్దన్నా పసుపు మూట వస్తే, అంకె చూసి పక్కన పెట్టేవాడు. వెంకన్నకు ఉప్పే అందింది.